ఆగే హక్కు ఎవరిది?

2025 శివరాత్రికి కాళహస్తి వెళ్ళినప్పుడు మా అవ్వకి సెల్‌ఫోన్‌లో కొన్ని ఫోటోలు చూపించాను. అమెరికాలో మా పెద్దమ్మ కూతురు, బావ, వాళ్ళ పదేళ్ళ కొడుకు మూడేళ్ళుగా కాపురముంటున్న మోటార్‌హోమ్ ఫోటోలు అవి. బయటినుంచి చూస్తే పెద్ద బస్సు. లోపల మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాలగది. ఎనభై దాటిన అవ్వ ఫోను కళ్ళదగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది. "బస్సులో సంసారమా!" అని నవ్వింది. కాసేపాగి అడిగింది:

"ఈ బండిని యాడ ఆపినా వీళ్ళను ఎవురూ లేపరామ్మే?"

నేను సాహిత్యంలో పిహెచ్.డి. చేశాను. అస్తిత్వం, సంచారం, స్వేచ్ఛ లాంటి మాటలతో సెమినార్లలో ఎన్నో పేపర్లు చదివాను. స్త్రీల యాత్రా రచనల గురించి రాశాను. 'గడప దాటిన స్త్రీ' అని చప్పట్లు కొట్టించుకున్నాను. అవ్వ వేసిన ఈ ఒక్క ప్రశ్న ఆ పేపర్లలో ఎక్కడా లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ వ్యాసం.

మేము ఎరుకలవాళ్ళం. ఈ వాక్యాన్ని అచ్చులో చూసుకోవడం నాకిదే మొదటిసారి. యక్షగానాల్లో ఎరుకలసాని పాత్ర మీద థీసిస్ రాశాను. మూడువందల పేజీల ఆ థీసిస్‌లో ఈ మాట ఎక్కడా రాయలేదు. 'నిష్పాక్షికత' అని సర్దిచెప్పుకున్నాను. దాని అసలు పేరు భయం.

అవ్వ ప్రశ్న వెనక ఒక జీవితం ఉంది. వాళ్ళ తాతలు ఉప్పు ఎరుకలు. సముద్రం వైపు నుంచి ఉప్పు గాడిదల మీద వేసుకుని మెట్ట ఊళ్ళకు తీసుకుపోయి, ధాన్యం మార్చుకుని తిరిగొచ్చేవాళ్ళు. అవ్వ నాటికి ఉప్పు పోయింది, గాడిదలు మిగిలాయి. ఈతాకు బుట్టలల్లుకుంటూ, ఎరుక చెప్పుకుంటూ స్వర్ణముఖి ఒడ్డునుంచి వెంకటగిరి, నాయుడుపేట, పుత్తూరు దాకా తిరిగేవాళ్ళు. ఊరి పొలిమేరలో దిగగానే మగవాళ్ళు పోయి మునసబుకి కనిపించాలి. మూడు రాత్రులకు మించి ఉండకూడదు. ఊళ్ళో ఎవరింట్లో ఏది పోయినా ముందు వీళ్ళ మూటలే విప్పాలి. మా అమ్మ ఒక చింతచెట్టు కింద పుట్టింది. పుట్టిన రెండో రోజు తెల్లారేసరికి 'లేపేసినారు'. పచ్చి బాలింత, గంపలో బిడ్డని పెట్టుకుని నడిచింది. అది ఏ ఊరి చింతచెట్టో అవ్వకి గుర్తులేదు. "అన్ని ఊళ్ళూ ఒకటే మాదిరి లేపుతావుంటే ఏ ఊరని గుర్తుంటాది" అంటుంది. 'లేపడం' అనే మాటకి అవ్వ నిఘంటువులో ఉన్న అర్థం ఇది.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన 'డిసానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకంలో మద్రాసు రాజధానిలోని కొరవ, ఎరుకల జాతుల చరిత్రంతా తవ్వి తీశారు. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్ళొచ్చి, ప్రభుత్వ ఉప్పు విధానాలొచ్చి వీళ్ళ వర్తకాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయినవాళ్ళని ఆదుకోలేదు సరికదా, తిరుగుతున్నారు కాబట్టి దొంగలన్నారు. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. పేరు నమోదు, వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు, కదలాలంటే అనుమతి. పిల్లల్ని తల్లిదండ్రులనుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ సెటిల్‌మెంట్లు నడిపాయి. తన సంపాదన తన చేతిలో ఉండి, ఓలి తీసుకుని, మారుమనువు చేసుకోగలిగిన ఎరుకల స్త్రీ ఆ దొరల కంటికి నీతిలేనిదిగా కనిపించింది. ఆమెని 'బాగుచేసి' చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలీని చేశారు. చట్టం దేశమంతా రద్దయింది 1952 ఆగస్టు 31న. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకి!

ఇక ఆ ఫోటోలు తీసిన సందర్భం చెబుతాను.

2024 సెప్టెంబర్‌లో ఒక సదస్సు కోసం అమెరికా వెళ్ళి, అది అయ్యాక రెండు వారాలు అక్కవాళ్ళ మోటార్‌హోమ్‌లో ఉన్నాను. 2022లో వాళ్ళు ఇల్లమ్మేసి దీన్ని కొన్నారు. బావ ఎక్కడినుంచైనా చేసుకోగలిగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్క ఉద్యోగం మానేసి పిల్లవాడికి బండిలోనే చదువు చెబుతోంది. ఇలా ఏడాది పొడుగునా బండిలోనే ఉండేవాళ్ళని అక్కడ 'ఫుల్‌టైమర్లు' అంటారు. ఇంకొంచెం పెద్ద బండి చూద్దామని పెన్సిల్వేనియాలోని హెర్షీకి బయలుదేరాం. ప్రతి సెప్టెంబర్‌లోనూ అక్కడ ఒక మహా ప్రదర్శన జరుగుతుంది. అమెరికాలోకెల్లా పెద్ద ఆర్‌వీ షో అని నిర్వాహకులు చెప్పుకుంటారు. హెర్షీ చాక్లెట్ల ఊరు. వీధి దీపాలు కూడా చాక్లెట్ ఆకారంలో ఉంటాయి. అక్కడి స్టేడియం చుట్టూ మైదానంలో కనుచూపు మేర బళ్ళే బళ్ళు. గోడలు పక్కకి జరిగి గది పెద్దదయ్యేవి, కరెంటు చలిమంటలున్నవి, బట్టల మిషన్లున్నవి. మా కాళహస్తిలో కట్టిన ఎన్నో ఇళ్ళకన్నా విశాలమైనవి! జనం చెప్పులు విడిచి, వరసలో నిలబడి, గృహప్రవేశానికి వచ్చినట్టు లోపలికెళ్ళి చూసి వస్తున్నారు.

అక్క మొహంలో వెలుగు నాకిప్పటికీ గుర్తుంది. దాన్ని నేను తక్కువ చేయదలచుకోలేదు. నది ఒడ్డున నిద్రలేవడం, పిల్లవాడికి భూగోళం పుస్తకంలో కాకుండా భూగోళం మీదే చెప్పడం, శని ఆదివారాల పార్టీలూ నగల పోటీలూ తప్పిపోవడం – ఇవన్నీ తనకు నిజంగానే విడుదల. "అక్కడ ఇంట్లో ఉన్నప్పుడు నాకు ఊపిరాడేది కాదే" అంది ఒక రాత్రి. నమ్మాను.

కానీ ఆ విడుదల లోపల వంటింటి వైశాల్యం ఎంతో కూడా నేను చూశాను. ప్రదర్శనలో ఒక స్టాల్లో అమ్మకాల అతను బావకి ఇంజను గురించి, ఎంత బరువు లాగుతుందో దాని గురించి అరగంట చెప్పాడు. ఆ తర్వాత అక్కవైపు తిరిగి పొయ్యి చూపించాడు. అక్క కూడా ఆ బండి నడుపుతుంది. ఆ సంగతి అతను అడగలేదు, బావ చెప్పలేదు. 1954లో వచ్చిన 'ది లాంగ్, లాంగ్ ట్రెయిలర్' అనే హాలీవుడ్ సినిమాలో కదిలే ట్రెయిలర్లో వంట చేయబోయి లూసిల్ బాల్ పడే పాట్లు చూసి జనం కడుపుబ్బ నవ్వారు. డెబ్భై ఏళ్ళ తర్వాత పొయ్యి మారింది. గిన్నెలు దొర్లకుండా అర తలుపులకు గొళ్ళేలొచ్చాయి. పొయ్యి ముందు నిలబడ్డ మనిషి మారలేదు. బండి మూడు రాష్ట్రాలు దాటింది, అక్క మాత్రం మూడడుగుల గట్టు దాటలేదు. ఇల్లు కదిలితే స్త్రీ కదిలినట్టేనా? పైగా ఇక్కడ పనిమనిషి రాదు, పక్కింటి స్త్రీ లేదు, అలిగి వెళ్ళడానికి పుట్టిల్లూ లేదు. బావ మంచివాడు, మురికినీటి ట్యాంకులు తనే ఖాళీ చేస్తాడు. అది నెలకు కొన్నిసార్లు. వంట రోజుకు మూడుసార్లు.

ఈ మాత్రం విమర్శ మనం ఎప్పుడూ చేసేదే. ఇక్కడితో ఆపేస్తే మళ్ళీ అవ్వ ప్రశ్నని తప్పించుకున్నట్టే.

ఆ ప్రదర్శనలో బళ్ళకన్నా నన్ను ఆకర్షించింది కాళ్ళు తుడుచుకునే ఒక పట్ట. మోటార్‌హోమ్ ప్రపంచంలో బాగా చెల్లుబాటయ్యే నినాదం ఒకటి దానిమీద ఉంది: 'నువ్వెక్కడ ఆపితే అదే ఇల్లు.' అక్క దాన్ని కొనుక్కుంది. నేను మైదానమంతా చూసినప్పుడు అర్థమైంది – అక్కడ అమ్ముతున్నది కదలడం కాదు. కదలడానికేముంది, కాళ్ళుంటే చాలు. అక్కడ అమ్ముతున్నది ఆగడం. ఎక్కడ ఆపితే మంచినీళ్ళ గొట్టం తగిలించుకోవచ్చు, ఎక్కడ కరెంటు ప్లగ్గు ఉంటుంది, ఎక్కడ మురికినీళ్ళు వదిలే కాలువ ఉంటుంది, నెలకింత అని కడితే ఎన్ని రాత్రులు ఎవరూ తలుపు తట్టకుండా పడుకోవచ్చు! క్యాంపు మైదానాల సభ్యత్వాలు అమ్మే బల్లలు బారులు తీరి ఉన్నాయి. ఆగే చోటు కొనుక్కోగలిగినవాళ్ళకి ప్రయాణం స్వేచ్ఛ. కొనుక్కోలేనివాళ్ళకి అది తరిమివేత.

చిరునామా సంగతి కూడా అంతే. కదిలే బండికి చిరునామా ఎలా అని అడిగాను. ఉత్తరాలు అందుకుని పంపించే కంపెనీలుంటాయనీ, ఫుల్‌టైమర్లలో చాలామంది సౌత్ డకోటాలోనో, టెక్సాస్‌లోనో, ఫ్లోరిడాలోనో అలాంటి చిరునామా పెట్టుకుంటారనీ, దానిమీదే లైసెన్సు, ఇన్సూరెన్సు, పన్నులు నడుస్తాయనీ బావ చెప్పాడు. నాకు మా ఊరి ఆఫీసు గుర్తొచ్చింది. కులధ్రువీకరణ పత్రానికి వెళ్ళినప్పుడు మా అమ్మ పుట్టిన ఊరేదని గుమాస్తా అడిగాడు. చింతచెట్టు కింద అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. ఆ ఒక్క ఖాళీ గడి కోసం నాయన పదకొండుసార్లు తిరిగాడు. సంచార జాతులకి స్థిర చిరునామా లేక పత్రాలు రావడం లేదని, పత్రాలు లేక పథకాలు అందడం లేదని 2008లో రేణ్కే కమిషన్ చెప్పింది. పదేళ్ళ తర్వాత ఇదాతే కమిషన్ మళ్ళీ అదే చెప్పింది. ఒకచోట చిరునామా లేకపోవడం జీవనశైలి, దానికి కంపెనీలు సేవలందిస్తాయి. ఇంకోచోట అదే చిరునామా లేకపోవడం నేరానికి మొదటి సాక్ష్యం.

తెల్లవాళ్ళ దేశాల్లోనూ ఈ గీత ఉంది. బర్మింగ్‌హామ్‌లో ఏటా మోటార్‌హోమ్‌ల పెద్ద ప్రదర్శన జరుగుతుంది. అదే ఇంగ్లండులో 2022లో వచ్చిన పోలీసు చట్టం, అనుమతి లేని స్థలంలో బండి ఆపి కాపురముండి, అక్కడివాళ్ళకు ఇబ్బంది కలిగించారంటే నేరమని, బండిని కూడా స్వాధీనం చేసుకోవచ్చని చెప్పింది. ఆ దెబ్బ జిప్సీ, ట్రావెలర్ కుటుంబాల మీద పడింది. ఆ చట్టంలో కొన్ని భాగాలు మానవ హక్కులకు విరుద్ధమని 2024లో అక్కడి హైకోర్టే చెప్పాల్సి వచ్చింది. అమెరికాలో అదే సంవత్సరం గ్రాంట్స్ పాస్ కేసులో సుప్రీంకోర్టు, ఇల్లులేనివాళ్ళు బహిరంగ స్థలాల్లో పడుకుంటే నగరాలు శిక్షించవచ్చని తీర్పిచ్చింది. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన 'నోమాడ్‌లాండ్' పుస్తకంలో ఇళ్ళు పోగొట్టుకుని వ్యానుల్లో బతుకుతూ గోదాముల్లో కూలిపని చేసే ముసలి స్త్రీలు కనిపిస్తారు. వాళ్ళూ బండిలోనే ఉంటారు. వాళ్ళెవరూ హెర్షీలో నాకు కనిపించలేదు.

ఇప్పుడు అసలు బాధాకరమైన విషయానికి వస్తాను. ఆ మైదానంలో ఒక తెలుగు కుటుంబం ఎదురైంది. పలకరింపులయ్యాయి. ఆవిడ "మీరు బండిలోనే ఉంటారా! ఎంత ధైర్యమండీ! అచ్చం జిప్సీల్లాగా!" అని మురిసిపోయింది. ఆ తర్వాత మనవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న అడిగింది. "కాళహస్తిలో మీరు... మీ తాతగారు వాళ్ళు ఏం చేసేవారు?"

అక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఉప్పు వ్యాపారమండీ" అంది.

అబద్ధం కాదు. ఆవిడ తృప్తిగా తలూపింది. అక్క టీషర్టు మీద అప్పుడు ఇంగ్లీషులో 'నోమాడ్' అని రాసి ఉంది. గుండెమీద సంచారి అని రాసుకుని తిరిగే నా అక్క, సంచార జాతి ఆడపిల్లనని నోటితో చెప్పలేకపోయింది. ఆ పక్కనే నిలబడ్డ నేను, ఎరుకలసాని మీద డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని, పల్లెత్తు మాట అనలేదు. ఇద్దరం నవ్వాం. అక్కని తప్పుపట్టే అర్హత నాకు లేదు. తప్పంతా ఎక్కడుందంటే, ఒకే పని చేసిన ఇద్దరు స్త్రీలలో ఒకరిని ధైర్యవంతురాలనీ, ఇంకొకరిని దొంగదనీ పిలిచే భాషలో ఉంది.

మనం భాష మనుషులం కదా, ఆ భాష సంగతి చూద్దాం. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య పరివారంతో, డేరాలతో, పల్లకీ బోయీలతో మద్రాసునుంచి కాశీకి బయలుదేరి పదిహేను నెలలు తిరిగారు. అది 'యాత్రా చరిత్ర' అయింది, న్యాయంగానే అయింది. జీవితమంతా తిరిగిన ఎరుకల స్త్రీకి మిగిలిన మాట 'దేశదిమ్మరి'. తిరుమల స్థలపురాణంలో శ్రీనివాసుడు పద్మావతి మనసు తెలుసుకోవడానికి, పెళ్ళి కుదుర్చుకోవడానికి ఎరుకలసాని వేషం వేసుకుని నారాయణవనం రాజమందిరంలోకి వెళతాడు. నారాయణవనం మా అవ్వ బుట్టలమ్మిన దారిలోనే ఉంది. దేవుడు మా వేషం వేసుకుంటే అంతఃపురం తలుపులు తెరుచుకున్నాయి. మా అవ్వ తన వేషంలో తాను పోతే రచ్చబండ దగ్గరే ఆపేశారు. కాళహస్తిలో మాత్రం? వేటగాడు కన్నప్పకి కొండమీద గుడి ఉంది. ఆ కొండ నీడలో శివరాత్రికి బుట్టలు, పూసలు, బొమ్మలు అమ్ముకోవడానికి వచ్చే సంచార స్త్రీలకి రాత్రి నడుం వాల్చే చోటు లేదు, మరుగుదొడ్డి లేదు. ఆ శివరాత్రి తెల్లవారుజామున రోడ్డువార పడుకున్నవాళ్ళని లాఠీతో తట్టి లేపడం నా కళ్ళతో చూశాను. పసిబిడ్డతో ఉన్న తల్లి మూట సర్దుకుంటూ ఎవర్నీ ఏమీ అనలేదు. అలవాటైన చేతులు!

ఈ మధ్య మన ప్రభుత్వాలకీ కారవాన్ల మీద మోజు పుట్టింది. 2021లో కేరళ 'కేరవాన్ కేరళ' అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ కూడా కారవాన్ పర్యాటకానికి విధానం ప్రకటించింది. బళ్ళు ఆపడానికి పార్కులు, నీళ్ళు, కరెంటు, మరుగుదొడ్లు కావాలంటున్నారు. కావాలి, తప్పకుండా కావాలి. దారిలో మరుగుదొడ్డి లేక రోజంతా నీళ్ళు తాగకుండా ప్రయాణం చేసిన స్త్రీలమే కదా మనమంతా. నా ప్రశ్న ఒక్కటే. లక్షలు పోసిన బండికి ఆగే చోటు కట్టడం చేతనైన ప్రభుత్వానికి, తరతరాలుగా ఇదే దారుల్లో తిరుగుతున్న స్త్రీకి ఆగే చోటు కట్టడం ఎందుకు చేతకాలేదు? నీళ్ళ కుళాయికి రెండు రకాల నీళ్ళు రావు. ఉత్సవాల ఊళ్ళలో అలాంటి ఆవరణ కడితే, ఆ గేటు గాడిద మూటతో వచ్చినవాళ్ళకి, ఆటో ట్రాలీలో సంసారం పెట్టుకుని వచ్చినవాళ్ళకి కూడా తెరవాలి. మూడు రాత్రులు అని గడువు పెట్టకుండా తెరవాలి.

మన స్త్రీవాదులతో కూడా నాకు తగాదా ఉంది, నాతో కలిపి. గడప దాటడమే విముక్తి అని మనం రాస్తూ వచ్చాం. గడప ఉన్న స్త్రీకి అది నిజమే. గడపే లేని స్త్రీ సంగతేమిటి? ఆమెని చట్టం బలవంతంగా గడపలోపల పెట్టి, దానికి సంస్కరణ అని పేరు పెట్టినప్పుడు మన స్త్రీవాద చరిత్రలు ఎటు చూస్తున్నాయి? ఒంటరి ప్రయాణాల మీద ప్రత్యేక సంచికలు వేసినప్పుడు, ఒంటరిగా ఊళ్ళు తిరిగి సోది చెప్పి సంసారం ఈడ్చిన స్త్రీని యాత్రికురాలి లెక్కలో ఎందుకు వేయలేదు? ఆమె రాయలేదు కాబట్టా? చెబుతుంటే కూర్చుని రాసుకోవడానికి మనం ఎన్నడైనా వెళ్ళామా? స్వేచ్ఛని చక్రాల్లో వెతకడం మానేద్దాం. ఒక స్త్రీ ఎక్కడ ఆగితే అక్కడ ఆమెని ఎవరూ లేపకుండా ఉండటం, ఎంతకాలం ఆగాలో, ఎప్పుడు కదలాలో ఆమే నిర్ణయించుకోవడం – అక్కడ మొదలవుతుంది స్వేచ్ఛ. ఈ కొలబద్దతో చూస్తే మా అక్కకి సగం దక్కింది. అవ్వకి ఏమీ దక్కలేదు. నాకు ఉద్యోగం, క్వార్టర్సు వచ్చాయి గానీ, నోరు తెరవడానికి ముప్ఫై ఏళ్ళు దాటాయి.

అచ్చుకి పంపేముందు ఈ వ్యాసాన్ని అక్కకి చదివి వినిపించాను. ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. "నా పేరు మాత్రం పెట్టొద్దే. పిల్లోడున్నాడు" అంది. పెట్టలేదు. అది తన హక్కు. పెట్టేముందు మళ్ళీ అడిగింది, "ఆవిడ అడిగినప్పుడు నేను ఏం చెప్పుండాల్సింది?"

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు అవ్వని అడిగాను. అవ్వ ఆలోచించను కూడా లేదు. "ఎరుకలోళ్ళమని చెప్పి, ఆయమ్మకు చెయ్యి చూసి ఎరుక చెప్పి, పది డాలర్లు అడిగుండాల్సింది" అంది.

నా పేరు మాత్రం ఈ వ్యాసం పైన ఉంది.